మెరకింటి గడప దాటని వరద

వంశధార సముద్రంలో కలిసే చోటుకు కాస్త ఎగువన, కళింగపట్నం పోయే రోడ్డుకు ఆనుకుని నడిమివలస అని ఒక ఊరుంది. ఆ ఊళ్లో అప్పలసూరి ఇంటిని మెరకిల్లు అంటారు. ఆ మెరక ఎక్కడ మొదలవుతుందో కొత్తగా వచ్చినవాళ్లకు తెలియదు. ఎక్కినట్టు ఎడ్లకు తెలియదు, దిగినట్టు బండివాడికి తెలియదు. తెలిసేది అప్పలసూరి ఒక్కడికే. వాకిట్లోంచి వీధిలోకి వచ్చేటప్పుడు ఆయన కొండ దిగేవాడిలా మోకాళ్లు బిగబట్టి దిగుతాడు. తిరిగి ఇంటికి పోయేటప్పుడు కొంచెం ఆయాసపడతాడు.

ఆ ఆయాసం ఊరికే రాలేదు. నడిమివలసలో ఒక ఆచారం ఉంది. గ్రామదేవత పండగలో నెత్తిన పెట్టుకుని ఊరేగించే తొలి ఘటం, వరద నీరు గడప దాటని ఇంటి నుంచే లేవాలి. నాలుగేళ్లకోసారి మునిగే ఊరు కనక, మునగని ఇల్లంటే అమ్మవారికి ఇష్టమైన ఇల్లని లెక్క. అప్పలసూరి తాత రోజుల్లో ఊరంతా మునిగినా ఆ ఇల్లు మునగలేదు. అప్పటినుంచీ తొలి ఘటం వాళ్లదే. ఘటం లేచే రోజున అప్పలసూరి కొత్త పంచె కట్టుకుని గడప పక్కన నిలబడి, ఆ ఘటాన్ని తానే కన్నట్టు చూసేవాడట. ఈ మాట ఆయన భార్య నీలవేణిది. ఆయన గురించి నేను విన్నవాటిలో సగం ఆయన చెప్పినవి. మిగతా సగం, ఆయన చెబుతుంటే ఆమె పక్కనుంచి దిద్దినవి. ఎక్కువ నమ్మదగ్గవి ఏ సగంలో ఉన్నాయో చదివేవాళ్లకే వదిలేస్తున్నాను.

అరవై ఏడులో పెద్ద వరద వచ్చింది. అంతకు కొద్దికాలం ముందే ఊరికీ సముద్రానికీ మధ్యనున్న రోడ్డును ఎత్తు చేసి కట్టలా పోశారు. పాతకాలంలో ఏరు పొంగితే నీళ్లు ఊరి మీంచి జారి, పొలాల్లో పడి, సముద్రానికి పోయేవి. ఇప్పుడు వాటికి రోడ్డు అడ్డం. ఎక్కడో చివర ఒక్క తూము ఉంది, అందులోంచి మేక దూరితే గొప్ప. దాంతో నీళ్లు కట్టను తాకి, వెనక్కి మళ్లి, ఇంతకుముందు ఎప్పుడూ చూడని మెరకింటిని చూడ్డానికి పెరటి దారిన వచ్చాయి.

ముందుగా టముకు వేశారు కాబట్టి ఊరివాళ్లంతా పైన ఊళ్లలోని చుట్టాలిళ్లకు పోయారు. అప్పలసూరి పోలేదు. మెరకింటివాడు మూట నెత్తిన పెట్టుకుని వీధిలో పోతే ఆ వీధికే అవమానమని ఆయన ఉద్దేశం. నీళ్లు పెరటి తలుపు నుంచి వచ్చి, నట్టింట్లో నిలిచి, గుండెల దాకా లేచాయి. మొగుడూ పెళ్లాం అటకెక్కి కూర్చున్నారు.

"గంగమ్మ తల్లి ఒచ్చీసింది కదా. ఇక నోరు మూసుకో" అందిట నీలవేణి, ఆయన కింద తేలుతున్న పీటను చూసి ఏదో అనబోతుంటే.

నీరు తీసేసరికి ఊరివాళ్లు ఇంకా తిరిగి రాలేదు. అప్పలసూరికి దొరికిన అవకాశం అదే. గోడలు కడిగాడు, మట్టి మెత్తాడు, సున్నం వేశాడు. ఊరంతా బురద తోడుకుంటుంటే, మెరకిల్లు మాత్రం పెళ్లిపందిరిలా తళతళలాడుతూ నిలబడింది. ఆపత్కాలంలో అంత తెల్లగా ఉన్న ఇంటిని చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి. వచ్చింది కూడా. అన్నిటికంటే ముందు వచ్చింది వాసన. గాదెలో నాని మొలకెత్తిన ధాన్యాన్ని పెరట్లో ఆరబోస్తే, ఆ పుల్లటి వాసన వీధి చివరి దాకా పాకింది.

కింద వీధి తవిటమ్మ ముక్కు ఎగబీల్చుకుంటూ వచ్చింది. మొగుడు పోయినా నోరు పోని మనిషి. "ఏటి మావా, గాదె తిరగబోసినావు?"

"ఇత్తనాలు నానబెట్టినానే" అన్నాడు అప్పలసూరి.

"గాదెడు ఇత్తనాలే? జిల్లా అంతటికీ ఆకుమడి నువ్వే పోస్తావేటి?"

అప్పలసూరి ధాన్యాన్ని కాలితో నెరపడం మొదలుపెట్టాడు. తవిటమ్మ రెట్టించలేదు. ఆ ఊళ్లో అదొక మర్యాద. ఒకరి అబద్ధాన్ని పట్టుకోవడం వేరు, దాన్ని బయట పెట్టడం వేరు. తొలి ఘటం మెరకింటిదే అన్నది మెరకింటి పరువే కాదు, ఊరి పరువు కూడా. మా ఊళ్లో మునగని ఇల్లు ఒకటుందని పొరుగూరి సంతలో చెప్పుకోవాలి కదా.

వరద తీసిన కొన్నాళ్లకు ఓవర్సీరు వేంకటాచలం గారు జీపులో దిగారు. ఏ ఇంట్లో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో గోడల మీద గీతలు గీయించి, ఆ గీతల్ని బట్టి ఎక్కడ ముప్పో, ఎక్కడ కాదో పటం గీయడం ఆయన పని. మళ్లీ వరద వస్తే జనం ఎక్కడికి పోవాలి, రోడ్డు కింద కొత్త తూములు ఎక్కడ పెట్టాలి అన్నది ఆ పటాన్ని బట్టి పైవాళ్లు తేలుస్తారు. మంచి పనే. నేల ఎత్తుపల్లాలు చూసే యంత్రం ఒక చక్కటి పెట్టెలో వచ్చింది. దాన్ని నిలబెట్టే మూడుకాళ్ల స్టాండు మాత్రం విజయనగరంలో మరమ్మతులో ఉండిపోయింది. అందుచేత యంత్రం పెట్టెలోనే ఉంది, సర్వే నోటితో నడిచింది.

నోటితో నడిచే సర్వేలో నీళ్ల కంటే మనుషుల్నే ఎక్కువ కొలవాల్సి వస్తుంది. ఒకడు మొలలోతు అంటాడు, వాడు తాటిచెట్టంత. ఇంకొకడు పీకలోతు అంటాడు, వాడు పొట్టి. పైగా గీత ఎంత పైన ఉంటే బియ్యం అంత ఎక్కువ ఇస్తారని కింద వీధిలో ఒక మాట పుట్టింది. తవిటమ్మ తన గుడిసె ముందు నిలబడి చెయ్యి ఎత్తగలిగినంత ఎత్తి, మునివేళ్ల మీద లేచింది.

"అమ్మా, మీ ఇంటి కప్పే అంత ఎత్తు లేదు" అన్నారు ఓవర్సీరు.

"కప్పు మీంచి పారింది బాబూ."

"మీరు చూశారా?"

"నానేలా సూస్తాను బాబూ? ఉంటే ఇయ్యాల సెప్పడానికుందునా?"

ఓవర్సీరు కాసేపు ఆలోచించి రాసుకున్నారు. తర్వాత మెరకింటికి వచ్చారు. తెల్లటి గోడలు, చల్లటి మజ్జిగ. గోడంతా వెతికినా గీత గీయడానికి మచ్చ లేదు.

"కింద వీధిలో కప్పుల మీంచి పారిన నీరు మీ ఇంటికి రాలేదా?"

"ఒచ్చినాది బాబూ. అదిగో, ఆ గడప కాడ దాకా ఒచ్చి, సూసి, ఎల్లిపోనాది" అన్నాడు అప్పలసూరి.

"ఎవరు?"

"గంగమ్మ తల్లి."

ఓవర్సీరు గడప వంక చూశారు, కింద వీధి వంక చూశారు. నీళ్లు ఒక వీధిలో గోడలా లేచి నిలబడి, పక్క ఇంటి గడప ముందు చెప్పులు విప్పి ఆగాయంటే, చదువుకున్నవాడు నమ్మడం కష్టమే. ఆయన మంచివాడు. చిన్నగా ఒక మాట చెప్పారు.

"చూడండి, అప్పలసూరి గారూ. ఇక్కడిదాకా నీళ్లు వచ్చాయంటే రోడ్డు కట్ట అడ్డుపడుతోందని అర్థం. అప్పుడు మీ ఎదురుగా ఇంకో పెద్ద తూము కావాలని రాస్తాను. రాలేదంటే, నీరు రాని చోట తూము దేనికని పైవాళ్లు కొట్టేస్తారు. బాగా గుర్తు చేసుకుని చెప్పండి."

తలుపు వెనక నీలవేణి ఇత్తడి బిందెను ఠంగుమని కింద పెట్టింది. అది ఆమె దగ్గుతో సమానం. అప్పలసూరి విన్నాడు. వీధిలో జనం నిలబడి ఉన్నారు. వాళ్లలో గుడి అర్చకులు కూర్మనాథం గారు కూడా ఉన్నారు. పండగ ఇంకెంతో దూరం లేదు.

"రాలేదు బాబూ" అన్నాడు.

ఓవర్సీరు నిట్టూర్చి రాసుకున్నారు. "నా కళ్లు చెప్పింది రాయడానికి వీల్లేదు. ఇంటివాళ్లు చెప్పిందే రాయాలి. పద్ధతి అది" అని వెళ్లిపోయారు.

పండగలో తొలి ఘటం మెరకింటి నుంచి లేచింది. అప్పలసూరి ఎప్పటికంటే గొప్పగా నిలబడ్డాడు. కొన్నాళ్లకు కచేరీ నుంచి ఒకతను రేకు బోర్డు తెచ్చి, ఆయన వీధి గోడకు మేకులు కొట్టి పోయాడు. "వరద కాలపు ఆశ్రయ స్థలము" అని దాని మీద నీలిరంగు అక్షరాలు. చదువురానివాళ్లకు చదివి వినిపించడం కోసం అప్పలసూరి రెండు రోజులు పొలానికి పోలేదు. ఆ సాయంత్రం బోర్డుకు బంతిపూల దండ వేయబోతుంటే నీలవేణి దండ లాక్కుంది.

"ఏటయ్యా, నీకు అర్థమవుతున్నాదా? రేపు ఏరు పొంగితే ఊరంతా ఈడికొస్తాది. పిల్లలు, ముసలోళ్లు, మేకలు. అందరినీ అటకెక్కిస్తావేటి?"

అప్పలసూరి దండ సంగతి మరిచిపోయాడు. ఆ పూట అన్నం సయించలేదట. ఆ ఒక్క పూటే అని నీలవేణి.

మర్నాటి నుంచి ఆయన తన అబద్ధాన్ని నిజం చేసే పనిలో పడ్డాడు. నిజం చెప్పడం కంటే అది సులువని తోచింది. మొదట శ్రీకాకుళం పోయి, ఆ బోర్డు తీసేయమని అడిగాడు. ఎందుకు అంటే ఇల్లు ఇరుకు అన్నాడు. ఇల్లు ఇరుకైతే పక్కింటికి కూడా ఒకటి ఇస్తాం, అర్జీ పెట్టుకోండి అన్నాడు అక్కడి గుమాస్తా. తిరిగి వచ్చి ఇంటి లోపలి నేల ఎత్తు చేయడం మొదలుపెట్టాడు. పశువుల శాలకని చెప్పి బండ్ల మీద మట్టి తోలించి, దొడ్డిదారిన నట్టింట్లో పోయించాడు. నేల లేచిన కొద్దీ గుమ్మాలు కురచబడ్డాయి. వేసవి అయ్యేసరికి మెరకింట్లోకి ఎవరు వెళ్లినా ఆయనకు నమస్కారం పెడుతున్నట్టు వంగే వెళ్లాల్సి వచ్చేది.

"ఇల్లు లెగుస్తన్నాదా మావా, గుమ్మం దిగుతన్నాదా?" అని అడిగింది తవిటమ్మ, నెత్తి తడుముకుంటూ.

"పాతిల్లు. అలగే ఉంటాది."

"మా మావగోరు బతికున్నపుడు ఈ గుమ్మంలోంచి తలపాగాతో ఒచ్చీవోరు. ఆయనే పొట్టేమో మరి."

అరవై ఎనిమిదిలో వానలు ఆలస్యంగా వచ్చినా, వచ్చినవి కుంభవృష్టిగా వచ్చాయి. పైన ఒరిస్సా కొండల్లో కురిసిన వాన ఒక ఉదయం ఎర్రటి నీరై ఏట్లోకి దిగింది. టముకు మోగింది. పోయినేడు టముకు మోగగానే జనం పైన ఊళ్లకు పోయారు. ఈ ఏడు బోర్డు ఉంది. ఎవరూ ఎక్కడికీ పోలేదు. తీరిగ్గా మూటలు కట్టుకుని, కోళ్లను గంపల కింద పెట్టుకుని, మేకల్ని లాక్కుంటూ మెరకింటికి నడిచారు. మంచంతో సహా ఒక ముసలమ్మను మోసుకొచ్చారు. కూర్మనాథం గారు ఉత్సవమూర్తిని పట్టుబట్టలో చుట్టి చంకన పెట్టుకుని వచ్చి, గుమ్మానికి నుదురు కొట్టుకుని, "ఏమిటోయ్ సూరీ, ఇంత కిందికి దిగిపోయింది?" అన్నారు.

అప్పలసూరి అందరినీ వరసగా కూర్చోబెట్టాడు. నీలవేణి గంజి కాచి పోసింది. పిల్లలు అటక నిచ్చెన ఎక్కి దిగుతున్నారు. ఇల్లంతా పండగలా ఉంది. అప్పలసూరి మాత్రం మాటిమాటికీ పెరట్లోకి పోతున్నాడు. అక్కడ పాలకుండ పెట్టే దాలిగుంట ఉంది. పోయినేడు నీరు మొదట పొడుచుకొచ్చింది ఆ గుంటలోకే. ఆ తర్వాత రోడ్డు వంపు దగ్గర కట్ట మీద నీరెక్కింది. ఒకసారి అక్కడ ఎక్కితే కట్ట తెగుతుంది, రోడ్డు అవతలికి దారి పోతుంది. అవతల ఉన్నది ఇసుక దిబ్బ. ఆ చుట్టుపక్కల నిజంగా ఎత్తయిన చోటు అదొక్కటే.

ఆ సంగతి ఊరందరికీ తెలుసు. కానీ దిబ్బ మీద ఉండేది జాలర్లు. దిబ్బ పొడుగునా చేపలు ఎండబెడతారు. ఏ గాలి వీచినా నడిమివలస రైతులు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని ఆ రోడ్డున పోతారు. దాన్ని ఎక్కడం సంగతి ఎవరూ ఎప్పుడూ అనలేదు, ఓవర్సీరు గారి పటంలో కూడా అది ఉత్త తెల్ల కాగితమే. అక్కడికి వెళ్లి అడగమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

దాలిలో పిడకల నిప్పు బుస్సుమంది. అప్పలసూరి వంగి చూశాడు. బూడిద తేలుతోంది.

ఇంట్లోకి వచ్చి, గొంతు సవరించుకుని, "అందరం అలాగ దిబ్బ మీదకి పోదాం. గాలి బాగుంటాది" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. "గాలికేటి మావా, ఈడ హాయిగున్నాది" అంది తవిటమ్మ, గంజి తాగుతూ.

"కాదే, రేత్రి అమ్మవారు కల్లో కనబడి దిబ్బెక్కమని సెప్పినాది."

"అమ్మవారు అలా చెప్పదోయ్" అన్నారు కూర్మనాథం గారు. "ఆవిడ ఉత్సవమూర్తి నా చంకలో ఉంది. ఎండు చేపల్లోకి పోతానని నాతో అనలేదు."

జనం నవ్వారు. పెరటి గుమ్మం దగ్గర నీలవేణి నిలబడి ఉంది. ఆమె కాళ్లు తడిసి ఉన్నాయి. ఈసారి ఆమె బిందె చప్పుడు చేయలేదు. ఆయన్నే చూస్తోంది.

ఆ నిమిషంలో ఏమనుకున్నావని నేను ఎన్నోసార్లు అడిగాను. "ఏటనుకుంటాను, ఘటం పోనాది అనుకున్నాను" అన్నాడు ప్రతిసారీ. మనుషుల గురించి అనుకోలేదా అంటే, "ఆళ్ల గురించే కదా ఘటం పోనాది" అన్నాడు.

"ఇనండర్రా" అన్నాడు అప్పలసూరి. "పోయినేడు ఈ ఇల్లు మునిగినాది. నాకు గుండెల దాకా. నీలవేణికి పీక దాకా. ఇద్దరం అటక మీదున్నాం. గాదె మునిగినాది. సున్నం అందుకే ఏసినాను. నాను అబద్ధం సెప్పినాను. ఇప్పుడు దాలిలోకి నీరొచ్చినాది. లెగండి, బేగి లెగండి."

తవిటమ్మ గంజి ముంత కింద పెట్టింది.

"మాకు తెల్సు మావా" అంది.

"తెల్సా?"

"ఆ వాసనకి ఊర్లో ఎవరికి తెలీదు?"

"తెలిసి ఈడికొచ్చినారేటే, పిల్లల్నేసుకుని?"

"బోర్డు కొట్టినారు కదా" అంది తవిటమ్మ. "సర్కారోళ్లు ఏటో సేసుంటారనుకున్నాం. నువ్వు మట్టి కూడా తోలినావు. సాలునేమో అనుకున్నాం."

అదీ సంగతి. ఒక్క ఇంటివాడు అబద్ధం చెప్పాడు. ఊరంతా అది అబద్ధమని ఎరుగును. దాన్ని రేకు మీద నీలిరంగుతో రాసి మేకులు కొట్టేసరికి, ఎరిగినవాళ్లే వచ్చి దాని కింద కూర్చున్నారు. అబద్ధం చెప్పినవాడొక్కడే దాన్ని నమ్మలేదు.

తర్వాత అంతా పరుగే. రోడ్డు వంపు దాటేసరికి కట్ట మీద చీలమండల దాకా నీరు. ముసలమ్మ మంచం ఒక కొమ్ము అప్పలసూరి పట్టుకున్నాడు. ఆఖరివాళ్లు దాటిన కాసేపటికి వెనక కట్ట తెగిన చప్పుడు వినిపించింది.

దిబ్బ మీద దేముడమ్మ నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. జాలర్లలో పెద్ద మనిషి ఆవిడే. ఒగరుస్తూ ఎక్కుతున్న రైతుల్ని వరసగా చూసింది.

"ఏటర్రా, ముక్కులు ఊర్లో ఒగ్గేసి ఒచ్చినారేటి?"

"రండి, రండి" అంటూ ఆవిడే తాటాకు చాపల మీది చేపల్ని ఒక పక్కకు ఊడ్చి, పిల్లలకు చోటు చేసింది. ఉత్సవమూర్తిని ఎక్కడ దించాలో తెలియక కూర్మనాథం గారు గిరగిరా తిరుగుతుంటే, బోర్లించిన పడవ చూపించింది. "అది శుబ్బరంగున్నాది పంతులుగోరూ. సముద్రం రోజూ కడుగుతాది." ఆయన కాసేపు పెదవులు కదిలించి, పట్టుబట్ట పరిచి, అమ్మవారిని పడవ మీద కూర్చోబెట్టారు.

మధ్యాహ్నానికి దూరాన మెరకింటి కప్పు ఒక పక్కకు ఒరిగింది. లోపల పోసిన మట్టి నాని, ఉబ్బి, గోడల్ని బయటికి తోసేసింది. మట్టి పోయకపోతే ఇల్లు నిలిచేదేమో. నీలవేణి ఆ మాట అనలేదు. అనకపోవడం ఎలా ఉంటుందో ఆయనకు ఈనాటికీ గుర్తే.

నీరు తీశాక ఓవర్సీరు గారు మళ్లీ వచ్చారు. ఈసారి స్టాండు కూడా వచ్చింది. అప్పలసూరి ఎదురెళ్లి, మిగిలిన అర గోడ మీద గీత చూపించాడు.

"ఇది ఒక్కటి చాలదండీ" అన్నారు ఓవర్సీరు. "పోయినేడు రాలేదని ఉంది కాబట్టి, ఇది ఎప్పుడో ఒకసారి వచ్చే వింత కింద కొట్టేస్తారు. పోయినేడు చెప్పింది తప్పని మీరే రాసివ్వాలి. మీ ఊరి పెద్దల ముందు."

ఊరికి ముందే తెలిసిన సంగతే. అయినా పెద్దల ముందు పైకి చదువుతూ కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టాడు. మరుసటి వేసవికే మెరకింటి ఎదురుగా రోడ్డు కింద, బండి దూరిపోయేంత తూముకు తవ్వకం మొదలైంది.

ఆ రోజు నుంచి ఆయనకు నిజం పిచ్చి పట్టుకుంది. ఓవర్సీరు వెంట గడప గడపకూ తిరిగి అందరి గీతల్నీ దిద్దించాడు. తవిటమ్మ మళ్లీ చెయ్యి పైకెత్తితే, పట్టుకుని నడుం దాకా దించాడు.

"నీ ఇల్లు మునగలేదన్నపుడే నయం మావా. మా జోలికి రాకుండీవోడివి" అంది తవిటమ్మ.

ఇక పండగ వచ్చింది. తొలి ఘటం ఎక్కడి నుంచి లేవాలన్న చర్చ వచ్చింది. ఎప్పటిలాగే మెరకింటి నుంచే లేపేద్దాం, పోయిన గోడల్ని ఎవరు చూడొచ్చారు అన్నారు పెద్దలు. అప్పలసూరి ఒప్పుకోలేదు. నీరు రాని ఇల్లు దిబ్బ మీద దేముడమ్మదే అన్నాడు. పెద్దలు చివరికి ఒక దారి కనిపెట్టారు. జాలరి గుడిసెకు గడపే ఉండదు, గడప లేని ఇంటికి ఆచారం ఎలా వర్తిస్తుంది అన్నారు. కూర్మనాథం గారు తల గోక్కున్నారు. పడవ మీద అమ్మవారితో ఆయన ఒక రోజంతా గడిపారు మరి.

"గడపే లేనప్పుడు నీరు దాన్ని దాటనట్టే కదా" అన్నారు.

శాస్త్రం తెలిసినవాడి మాట కనక ఎవరూ ఎదురు చెప్పలేదు.

అలా తొలి ఘటం దిబ్బ మీంచి లేచే రోజు వచ్చింది. రైతులంతా కొత్త బట్టలతో, ముక్కుల మీద ఉత్తరీయాల కొంగులతో దిబ్బెక్కారు. అదే రోజున, ఇక దిబ్బే ఆశ్రయ స్థలమని కొత్త బోర్డు కూడా తెచ్చారు. దిబ్బ నెత్తిన గుంజ పాతి దానికి కొట్టాలని ఏర్పాటు. దేముడమ్మ పసుపుకొమ్ము రంగు చీర కట్టుకుని, గుడిసె ముందు ఘటం పక్కన, గడ్డం కొంచెం పైకెత్తి నిలబడింది.

బోర్డు కొట్టేవాడి చేతిలోంచి అప్పలసూరి సుత్తి తీసుకున్నాడు.

"దేముడమ్మా, ఈ దిబ్బ మీదకి నీరెప్పుడైనా ఒచ్చిందేటి?"

"మా దిబ్బ మీదకి నీరా? మా తాతల కాలం నుంచీ లేదు బాబూ" అంది దేముడమ్మ.

అప్పలసూరి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆ గడ్డం అలా ఎత్తి ఎలా నిలబడాలో ఆయన కంటే ఎరిగినవాడు ఆ జిల్లాలో లేడు.

"ఏటి వైపు సంగతి సరే. సముద్రం వైపు?"

"ఆ వైపు నువ్వడగలేదు కదా."

"ఇప్పుడడుగుతన్నాను."

దేముడమ్మ ఘటం వంక చూసింది, చుట్టూ నిలబడ్డ ఊరి వంక చూసింది. డప్పులు మోగుతున్నాయి. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, దిబ్బ వెనక వైపుకు నడిచింది. అప్పలసూరి సుత్తితో సహా ఆవిడ వెనకే పోయాడు. అక్కడ దిబ్బను ఎవరో పారతో నరికినట్టు నిలువునా కోసుకుపోయి ఉంది. తాటిచెట్ల వేళ్లు గాల్లో వేలాడుతున్నాయి.

"పోయిన తుపానుకి ముందు మా ఆడబిడ్డ గుడిసె ఈడుండీది" అంది దేముడమ్మ, కింద ఇసుకలో కెరటం వచ్చిపోయే చోటు చూపించి. "నెత్తి మీదకి ఎక్కలేదు గానీ, పక్క నుంచి తినేస్తన్నాది."

వెనక నుంచి తవిటమ్మ కేక వినిపించింది. "మావా, ముహూర్తం దాటిపోతన్నాది. ఘటం ఎత్తమంటావా?"

"ఎత్తమను" అన్నాడు అప్పలసూరి, అంచు దగ్గర వంగి చూస్తూ. "గుంజ మాత్రం పాతొద్దను. దాన్ని ఏటి వైపు ఎంత ఎనక్కి జరపాలో ముందు సూడాల."